ట్రే, ట్రాలీ, పేటెంట్: "ఇందులో కొత్తేముంది?" అని అడిగిన పాఠకులకు

ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ మెషిన్లు, వాటి మీద నడిచే పేటెంట్ గొడవల గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. దాదాపు అందరిదీ ఒకే అనుమానం: ఎవరికైనా తట్టే విషయానికి పేటెంట్ ఎలా ఇస్తారు? కొన్నిటికి జవాబులు ఇవి.

ప్రశ్న: సెక్యూరిటీ చెక్ దగ్గర ఖాళీ ట్రేలని ట్రాలీలో పేర్చి మళ్లీ ముందుకి తోసుకొచ్చే పద్ధతికి అమెరికాలో పేటెంట్ ఉందట, దాని మీద కోర్టు ప్రభుత్వాన్ని కోట్ల డాలర్లు కట్టమందట. మా ఆఫీసులో ఒకాయన చెబితే నవ్వేశాను. ట్రే కొత్తది కాదు, ట్రాలీ కొత్తది కాదు, ఎక్స్‌రే మెషిన్ అంతకన్నా కాదు. సూపర్‌మార్కెట్‌లో బండ్లు తోసే కుర్రాడిని అడిగినా చెప్పేవాడు కదా? (డాలస్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీ ఆఫీసాయన నిజమే చెప్పాడు. కేసు పేరు సెక్యూరిటీపాయింట్ హోల్డింగ్స్ వర్సెస్ యునైటెడ్ స్టేట్స్. పేటెంట్‌కి 2002లో దరఖాస్తు పెట్టారు, 2005 మేలో మంజూరైంది. పేటెంట్ పేరు చూస్తే ప్రకటనల వ్యాపారంలా ఉంటుంది, నిజానికి అదే: ట్రేల అడుగున యాడ్స్ వేసుకోనిస్తే ట్రేలు, బల్లలు, బండ్లు మేమే ఇస్తాం అనేది సెక్యూరిటీపాయింట్ కంపెనీ ప్లాన్. కానీ గొడవ యాడ్స్ మీద జరగలేదు. పేటెంట్‌లో హక్కు కోరిన భాగాన్ని క్లెయిమ్ అంటారు, కోర్టు చూసేది అదొక్కటే. అందులో ఉన్నది ఇంత: స్కానర్ మొదట్లో ట్రేలున్న ఒక బండి పెట్టాలి, దాంట్లోంచి ట్రే తీసి స్కానర్‌లోంచి పంపాలి, అవతలి చివర రెండో బండి ఉండాలి, బయటికొచ్చిన ట్రే ఆ బండిలోకి చేరాలి, అది నిండాక బండిని బండిగానే మొదటి చివరికి తెచ్చి పెట్టాలి. చదివితే వంట మాస్టరు హెల్పరుకి పని చెప్పినట్టే ఉంటుంది, ఒప్పుకుంటాను.

2001 సెప్టెంబర్ దాడుల తర్వాత, ఆ ఏడాది నవంబర్‌లో చేసిన చట్టంతో టీఎస్ఏ అనే సంస్థ పుట్టింది, అమెరికా ఎయిర్‌పోర్టుల్లో చెకింగ్ మొత్తం దాని చేతికి వచ్చింది. చెకింగ్ పెరిగింది, క్యూలు పెరిగాయి, ట్రేలూ పెరిగాయి. ట్రేలన్నీ ఒక చివర గుట్టపడతాయి, ఇంకో చివర ప్రయాణికులు ట్రే కోసం దిక్కులు చూస్తుంటారు, మధ్యలో సిబ్బంది దొంతరలు దొంతరలుగా ఎత్తుకుని జనంలోంచి నడవాలి. పేటెంట్ పరిష్కరించింది ఈ తలనొప్పినే. తర్వాత కొన్ని ఎయిర్‌పోర్టుల్లో టీఎస్ఏ ఇదే పద్ధతి వాడింది, వాడినట్టు ప్రభుత్వం కోర్టులో ఒప్పుకుంది కూడా. 2011లో కంపెనీ కోర్ట్ ఆఫ్ ఫెడరల్ క్లెయిమ్స్‌కి వెళ్లింది. అమెరికాలో ప్రభుత్వమే పేటెంట్ వాడుకుంటే ఆపమని అడిగే హక్కు ఉండదు, పరిహారం మాత్రం అడగొచ్చు, అది కూడా ఆ కోర్టులోనే.

ప్రభుత్వం వాదన అచ్చం మీదే. అన్నీ పాతవే, కలిపితే ఏమొచ్చిందో కూడా అందరికీ తెలిసిందే, ఇది కామన్ సెన్స్. 2016లో కోర్టు దీన్ని ఒప్పుకోలేదు, పేటెంట్ చెల్లుతుందంది. పరిహారం లెక్క తేలడానికి ఇంకో అయిదేళ్లు పట్టి, 2021లో 10 కోట్ల డాలర్లకు పైగా ఇవ్వమని తీర్పు వచ్చింది.

ఎందుకు ఒప్పుకోలేదు అన్నదే అసలు సంగతి. మంజూరైన పేటెంట్ చెల్లుతుందనే నమ్మకంతో కోర్టు మొదలుపెడుతుంది. చెల్లదు అనేవాళ్లే రుజువు చేయాలి, అదీ అటో ఇటో అన్నట్టు సరిపోదు, స్పష్టంగా గట్టిగా నమ్మించే సాక్ష్యం కావాలి. అమెరికా సుప్రీంకోర్టు 2011లో మైక్రోసాఫ్ట్ కేసులో ఈ మాట మళ్లీ ఖాయం చేసింది. "చూస్తేనే తెలిసిపోతోంది కదా" అన్నది సాక్ష్యం కాదు. ట్రే ఉన్నట్టు ఒక కాగితం, బండి ఉన్నట్టు ఇంకో కాగితం చూపిస్తే సరిపోదు, 2002 నాటికి ఆ పనిలో ఉన్న మనిషికి ఈ రెంటినీ ఈ వరసలో కలపాలనిపించే కారణం ఉందని చూపించాలి. ఇప్పుడు మనం చూసేది తెలిసిపోయిన జవాబు నుంచి వెనక్కి. వెనక్కి చూస్తే అన్నీ తేలికే.

నాకు ఈ కేసులో బలంగా తోచే వాదన ఇంకొకటి. స్కానర్లు ఎయిర్‌పోర్టుల్లోకి వచ్చి అప్పటికే మూడు దశాబ్దాలు. బండి తోయడం అంత తేలికగా తట్టేదైతే అన్నేళ్లు చేత్తో ఎందుకు మోశారు? దీనికి ఎదురు జవాబు లేకపోలేదు: 2001కి ముందు ఇన్ని ట్రేలే లేవు, సమస్య వచ్చిన ఏడాదిలోపే పరిష్కారం వచ్చిందంటే అది ఎవరికైనా తట్టేదనేగా అర్థం అని అడగొచ్చు. నేను ప్రభుత్వ లాయరునైతే దీని మీదే పట్టుబట్టేవాణ్ణి.

అమెరికా ప్రభుత్వం ఇలా ఇరుక్కోవడం మొదటిసారీ కాదు. ఆడమ్స్ అనే ఆయన నీళ్లు పోస్తే పనిచేసే బ్యాటరీ చేశాడు, మెగ్నీషియం ఒకవైపు, క్యుప్రస్ క్లోరైడ్ ఒకవైపు. సైన్యంలో నిపుణులు ఇది పనిచేయదన్నారు. తర్వాత వాళ్లే వాడుకున్నారు. డబ్బులడిగితే ఇందులో కొత్తేముంది, ఎవరికైనా తట్టేదే అన్నారు. 1966లో సుప్రీంకోర్టు ఆడమ్స్ పక్షాన తీర్పిచ్చింది. పనిచేయదని నిపుణులే చెప్పినదాన్ని ఎవరికైనా తట్టేదని ఎలా అంటారు మరి?

ప్రశ్న: "ఆ రంగంలో సాధారణ నైపుణ్యం ఉన్న వ్యక్తికి తట్టేదా" అని కోర్టులు చూస్తాయని క్లాసులో చెప్పారు. ఆ వ్యక్తి ఎవరండీ? ఇంజినీరా, టెక్నీషియనా? జడ్జిగారికి ఆయన మనసులో మాట ఎలా తెలుస్తుంది? (గుంటూరు నుంచి లా విద్యార్థిని)

జవాబు: అలాంటి మనిషి ఎక్కడా ఉండడమ్మా. ఆ రంగంలో అచ్చయిన ప్రతి కాగితం, ఏ భాషలో ఉన్నా, చదివేసిన మనిషి, కానీ మేధావి కాదు. ఇలాంటి వాణ్ణి ఎవరు చూశారు? అందుకే రెండు పక్షాలూ నిపుణులని తెచ్చుకుంటాయి, సగం కేసు ఆ వ్యక్తికి ఎంత చదువుంది, ఎన్నేళ్ల అనుభవం ఉంది అన్నదాని మీదే నడుస్తుంది. చదువు ఎక్కువని తేలితే అన్నీ అతనికి తట్టేవే అవుతాయి, పేటెంట్ పోతుంది. తక్కువని తేలితే నిలుస్తుంది. ట్రేల కేసులాంటి దాంట్లో ఈ తగువు ఎంత విచిత్రంగా ఉంటుందో ఊహించండి, బండి తోయడానికి ఏ డిగ్రీ కావాలి?

అమెరికాలో ఈ లెక్కకి పునాది 1966 నాటి గ్రాహం వర్సెస్ జాన్ డీర్ కేసు. రాళ్లున్న నేలలో దున్నే నాగలికి స్ప్రింగు బిగింపు ఎలా పెట్టాలన్నదాని మీద గొడవ అది. ముందు ఏముంది, దానికీ దీనికీ తేడా ఏమిటి, ఆ రంగంలో నైపుణ్యం ఏ స్థాయిది అని చూసి, వాటితోపాటు మార్కెట్‌లో ఎలా అమ్ముడైంది, ఎన్నాళ్లుగా జనం దీనికోసం ఎదురుచూశారు, ఇంకెవరైనా ప్రయత్నించి విఫలమయ్యారా అన్నవి కూడా చూడొచ్చంది కోర్టు. తర్వాత కింది కోర్టులు ఇంకాస్త ముందుకెళ్లి, రెండు పాత విషయాలని కలపమని ఎక్కడో రాసి ఉంటే చూపించండి అని పట్టుబట్టడం మొదలెట్టాయి. దాంతో చిన్నా చితకా పేటెంట్లన్నీ నిలబడిపోయాయి.

2007లో కేఎస్ఆర్ వర్సెస్ టెలిఫ్లెక్స్ కేసుతో అది మారింది. కారు యాక్సిలరేటర్ పెడల్ ముందుకీ వెనక్కీ జరిగేలా ఉండటం పాతదే, ఎలక్ట్రానిక్ సెన్సరూ పాతదే, రెండూ కలిపి కదలని చోట సెన్సర్ బిగించారు. కార్లన్నీ కేబుల్ నుంచి ఎలక్ట్రానిక్‌కి మారుతున్న కాలంలో ఇది ఏ ఇంజినీరైనా చేసేదే అని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. జస్టిస్ కెన్నెడీ రాసినదాని సారం ఏమిటంటే, ఆ సాధారణ వ్యక్తి మరమనిషి కాదు, అతనికీ కాస్త బుర్ర ఉంటుంది. ట్రేల కేసు తీర్పు దీని తర్వాతే వచ్చిందని గుర్తుపెట్టుకోండి, అంటే కామన్ సెన్స్ వాదన చేయొచ్చు, కానీ కామన్ సెన్స్ అన్న మాట పలికితే చాలదు, కారణం చూపించాలి.

మన దగ్గర దీనికి పేటెంట్ చట్టంలో సెక్షన్ 2(1)(జెఎ) ఉంది. పాతదాని కన్నా సాంకేతికంగా ముందడుగు ఉండాలి, లేదా ఆర్థికంగా ప్రాధాన్యం ఉండాలి, ఆ పైన ఆ రంగం తెలిసినవాడికి తట్టేది కాకూడదు. మీరు పరీక్షకి తప్పకుండా చదవాల్సింది బిశ్వనాథ్ ప్రసాద్ కేసు, 1978 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. లేత్ మీద గిన్నెలకి మెరుగు పెట్టేటప్పుడు అవి కదలకుండా పట్టి ఉంచే ఏర్పాటుకి మీర్జాపూర్ కంపెనీ పేటెంట్ తీసుకుంది. రెండో వైపు నుంచి నొక్కి పట్టడం లేత్ పనివాళ్లందరికీ ముందే తెలుసు, ఇది వర్క్‌షాపులో చేసుకునే మార్పు తప్ప ఆవిష్కరణ కాదని కోర్టు రద్దు చేసింది. దాని పక్కనే 2022లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన ఎవరీ డెన్నిసన్ తీర్పు పెట్టుకుని చదవండి. బట్టలకి ధర చీటీ తగిలించే ప్లాస్టిక్ ఫాస్టెనర్ విషయం, పేటెంట్ ఆఫీసు తిరస్కరిస్తే కోర్టు ఆ తిరస్కరణ తప్పంది, మార్పు చిన్నదైనంత మాత్రాన తట్టేదని అనలేమంది. గిన్నె ఓడింది, చీటీ గెలిచింది. రెండిట్లోనూ మార్పు చిన్నదే. తేడా ఎక్కడుందో మీరే తేల్చి మీ ప్రొఫెసర్‌తో వాదించండి, నాకైతే గిన్నె కంపెనీకి కాస్త అన్యాయం జరిగిందేమో అనిపిస్తుంది.

ప్రశ్న: నేను ఎక్స్‌రే మెషిన్ల సర్వీసులో పనిచేసి రిటైరయ్యాను. ఆసుపత్రిలో సీటీ స్కాన్ ఉంది, అదే ఎయిర్‌పోర్ట్‌లో బ్యాగులకి పెట్టారు. మనిషి బదులు పెట్టె. దీనికి పేటెంట్లెందుకు, జాగా మారితే ఆవిష్కరణ అయిపోతుందా? (కుషాయిగూడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీ ఊరి వాళ్లకి ఈ మెషిన్లు కొత్త కాదు, ఈసీఐఎల్ ర్యాపిస్కాన్ వాళ్ల బ్యాగేజ్ స్కానర్లు మీ పక్కనే తయారవుతాయి. మీరడిగింది మంచి ప్రశ్న. జాగా మారితే చాలదు అన్నంతవరకు మీతో ఏకీభవిస్తాను. కానీ "మనిషి బదులు పెట్టె" అన్నారు చూడండి, సర్వీసు చేసినవాళ్లు ఆ మాట అనకూడదు.

హౌన్స్‌ఫీల్డ్ చేసిన సీటీతో లండన్‌లో మొదటి పేషెంట్‌ని స్కాన్ చేసింది 1971లో. 1979లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఎయిర్‌పోర్ట్‌లో పేలుడు పదార్థాలు పట్టే సీటీ మెషిన్‌కి, ఇన్‌విజన్ కంపెనీ సీటీఎక్స్ 5000కి, అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ సర్టిఫికెట్ ఇచ్చింది 1994లో. మధ్యలో 1988 డిసెంబర్‌లో స్కాట్లాండ్‌లోని లాకర్‌బీ దగ్గర ఘోరం జరిగింది, రేడియో క్యాసెట్ ప్లేయర్‌లో పెట్టిన సెమ్‌టెక్స్ అనే పేలుడు పదార్థం పాన్ యామ్ విమానాన్ని కూల్చేసి 270 మంది చనిపోయారు. మామూలు ఎక్స్‌రేలో ఒకదాని మీద ఒకటి పడిన వస్తువులు కలిసిపోయి కనిపిస్తాయి, రేడియో సర్క్యూట్ వెనకున్న పల్చటి ముద్దని చూడలేరు. 1990లో అమెరికాలో చట్టం వచ్చాక, ఫలానా పదార్థం ఫలానా పరిమాణంలో ఉంటే మెషిన్ తనంతట తానే పట్టాలి అని ప్రమాణాలు పెట్టారు.

అంటే "బ్యాగుకి సీటీ తీద్దాం" అన్న కోరిక అందరికీ తట్టేదే, దానికి పేటెంట్ ఇస్తే తప్పు. తట్టనిది ఎలా చేయాలన్నది. పేషెంట్ కదలకుండా పడుకుంటాడు, డాక్టర్ తీరిగ్గా చూస్తాడు. బ్యాగులు బెల్ట్ మీద ఆగకుండా వస్తాయి, ఒక్కోదాంట్లో ఏముందో తెలియదు, ప్రతిదాన్నీ పైనుంచి కిందిదాకా ముక్కలుగా తీస్తే విమానం వెళ్లిపోతుంది. అందుకని ముందు మామూలు ఎక్స్‌రే తీసి, అనుమానం వచ్చిన చోట మాత్రం సీటీ ముక్కలు తీసి, సాంద్రత చూసి మెషినే అలారం కొట్టేలా చేశారు. పేటెంట్ తగువులన్నీ ఇలాంటి ఏర్పాట్ల దగ్గరే వస్తాయి.

వేరే రంగం కాగితాన్ని తెచ్చి "ఇది ముందే ఉంది" అనొచ్చా అన్నదానికి అమెరికాలో రెండు దారులు: అదే రంగమై ఉండాలి, లేదా ఆవిష్కర్త ఎదుర్కొన్న సమస్యకి పనికొచ్చేదై ఉండాలి. 2004లో ఒక హెయిర్ బ్రష్ దరఖాస్తుకి టూత్ బ్రష్ కాగితం అడ్డం పెట్టారు. పళ్లకీ జుట్టుకీ సంబంధమేంటని దరఖాస్తుదారు మొత్తుకున్నా, ఆకారం చూస్తే ఆ టూత్ బ్రష్‌తో వెంట్రుకలు కూడా దువ్వుకోవచ్చని కోర్టు అడ్డం పెట్టడమే సరైనదంది! ఆ లెక్కన ఆసుపత్రి సీటీ కాగితాలని బ్యాగు స్కానర్ మీద వాడటానికి పెద్ద అడ్డేమీ ఉండదు. అక్కడిదాకా మీరు గెలిచినట్టే.

ప్రశ్న: అమెరికా కోర్టులో నిలిచిన పేటెంట్‌ని వాళ్ల పేటెంట్ ఆఫీసులోనే పడగొట్టొచ్చంటారు, నిజమా? (బెంగళూరు నుంచి, స్టార్టప్ ఉద్యోగి)

జవాబు: అవును, 2012 నుంచి ఐపీఆర్ (ఇంటర్ పార్టీస్ రివ్యూ) అనే దారి ఉంది. అక్కడ రుజువు భారం తక్కువ, ఇటువైపు కాస్త ఎక్కువ మొగ్గితే చాలు. కానీ పాత పేటెంట్లు, అచ్చయిన కాగితాలు మాత్రమే చూపించాలి, "మా ఫ్యాక్టరీలో ముందే వాడాం" అంటే వినరు. మీ మీద దావా నోటీసు వచ్చాక ఏడాది దాటితే ఆ తలుపు మూసేస్తారు. సెక్యూరిటీ పరికరాల్లో చాలా వాడకం సీక్రెట్‌గా ఉండి ఎక్కడా అచ్చు కాదు కాబట్టి ఈ రంగంలో ఇది అనుకున్నంత తేలికైన ఆయుధం కాదు.

ప్రశ్న: మా ఫైనలియర్ ప్రాజెక్ట్: బ్యాగు ఎక్స్‌రే ఫొటోల్లో కత్తి, తుపాకీ ఉంటే ఏఐ గుర్తుపట్టి ఆపరేటర్‌కి చెబుతుంది. 90 శాతానికి పైగా కరెక్ట్‌గా చెబుతోంది. పేటెంట్ వేయమని మా హెచ్ఓడీ గారు అంటున్నారు, వచ్చే వారం యూట్యూబ్‌లో డెమో కూడా పెడుతున్నాం. వస్తుందంటారా? (కాకినాడ నుంచి ఇంజినీరింగ్ విద్యార్థి)

జవాబు: ముందు ఆ యూట్యూబ్ ఆపు బాబూ. దరఖాస్తుకి ముందే అందరికీ చూపిస్తే అది ఇక కొత్తది కాదంటారు. అమెరికాలో సొంతంగా బయటపెట్టినా ఏడాది గడువు ఇస్తారు. మన దేశంలో అలాంటి సౌకర్యం కొన్ని ప్రత్యేక సందర్భాలకే ఉంది, యూట్యూబ్ అందులో లేదు. దరఖాస్తు పడ్డాక ఎన్ని వీడియోలైనా పెట్టుకో. టెన్షన్ పడొద్దు, ప్రొవిజనల్ (తాత్కాలిక దరఖాస్తు) వేసి పూర్తి వివరాలు 12 నెలల్లో ఇవ్వొచ్చు. ఆంధ్ర, తెలంగాణ వాళ్లది చెన్నై ఆఫీసు, ఆన్‌లైన్‌లోనే వేసేయొచ్చు. కాలేజీ పేరు మీద వేస్తే 2021 నుంచి ఫీజులో 80 శాతం తగ్గింపు ఉంది.

వస్తుందా అంటే, నువ్వు రాసింది రాసినట్టే వేస్తే రాదు. రెడీమేడ్ మోడల్ తీసుకుని ఎక్స్‌రే ఫొటోల మీద ట్రైనింగ్ ఇవ్వడం ఇవాళ ఎవరికైనా తట్టేదే, పైగా సెక్షన్ 3(కె) కింద ఉత్త అల్గారిథమ్‌కి, ఉత్త ప్రోగ్రామ్‌కి పేటెంట్ లేదు. 90 శాతం అన్నది ఫలితం, ఆవిష్కరణ కాదు. ఎక్కడ తప్పుతోందో చూడు, అక్కడ ఏం చేశారో చెప్పు. ల్యాప్‌టాప్ కింద కత్తి ఉంటే దొరుకుతోందా? స్క్రీన్ మీద ఆహారం, బట్టల్లాంటివి నారింజ, లోహాలు నీలం, మధ్యరకం ఆకుపచ్చ రంగులో వస్తాయి కదా, ఆ రంగులు మెషిన్ రెండు రకాల ఎనర్జీ కొలతల నుంచి లెక్కకట్టి వేసినవి. మీ ప్రోగ్రామ్ రంగు ఫొటో చూస్తోందా, ఆ అసలు కొలతలు చూస్తోందా? మెషిన్ పనితీరులో మీ వల్ల ఏదైనా మారుతోందా, బెల్ట్ ఆగుతోందా, రెండో కోణంలో మళ్లీ తీస్తోందా? అలాంటిది ఒక్కటి ఉంటే దాని చుట్టూ క్లెయిమ్ కట్టొచ్చు. అది కూడా ఎవరైనా ముందే చేసి ఉండొచ్చు, కాబట్టి గూగుల్ పేటెంట్స్‌లో, మన పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో జీ01వీ 5 అనే తరగతి కింద ఓపిగ్గా వెతకండి. హెచ్ఓడీ గారికి పేటెంట్ నంబర్ కావాలా, పేటెంట్ కావాలా అన్నది కూడా మర్యాదగా కనుక్కో. కాలేజీ ర్యాంకింగ్ కోసం దరఖాస్తు వేసి వదిలేసేవి చాలా చూశాను.

ప్రశ్న: మన ఎయిర్‌పోర్టుల్లో కూడా ట్రేలు బండి మీద తోస్తారు కదా, ఆ అమెరికా కంపెనీకి మనమూ డబ్బులు కట్టాలా? (విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అక్కర్లేదండీ. అమెరికా పేటెంట్ అమెరికాలోనే చెల్లుతుంది, పైగా 2002లో దరఖాస్తు వేసింది కాబట్టి 20 ఏళ్ల గడువు కూడా 2022తో అయిపోయింది. ఇప్పుడు పెద్ద ఎయిర్‌పోర్టుల్లో బండి కూడా లేదు, ఖాళీ ట్రేలు బెల్ట్ కింద నుంచి వాటంతట అవే వెనక్కి వచ్చేస్తున్నాయి. వాటికి పేటెంట్లు వేరే ఉంటాయి.